సాహసము వద్దు, అర్ధశక్తి చాలును

వేకువ నాలుగున్నర గంటలకే మా ఉయ్యూరులో పుల్లేరు కాలువ గట్టు మీదను, బందరు రోడ్డు ప్రక్కను యువకులు గుంపులుగా పరుగెత్తుట నేడు నిత్యదృశ్యమైనది. వీరిలో కొందరు పోలీసు ఉద్యోగమునకు సిద్ధపడువారు. కొందరు నగరములలో జరుగు మారథాన్ పరుగులలో పాల్గొనగోరువారు. యువకులు వేకువనే పడకలు విడిచి వ్యాయామమునకు పూనుకొనుట సంతోషింపదగినదే. కాని వారు పరుగెత్తు తీరు చూచినపుడు వైద్యునిగా నాకు ఆందోళన కలుగుచున్నది. ప్రతిదినమును పరీక్షదినమే అన్నట్లు మొదటి అడుగు నుండియే శక్తినంతయు వెచ్చించి, రొప్పుచు, చివరకు మోకాళ్ళపై చేతులాన్చి వంగి నిలుచుటయే సాధన అని వీరు తలచుచున్నారు. వారమునకు ఆరు దినములు ఇదే వరుస. ఇది సాధన కాదు. ఆయుర్వేదము దీనికి పెట్టిన పేరు సాహసము.

సాహసము ఒక రోగకారణము

లోకవ్యవహారములో సాహసమనగా మెచ్చుకోలు మాట. శాస్త్రములో అట్లు కాదు. చరక సంహిత నిదానస్థానము ఆరవ అధ్యాయమున శోషరోగమునకు నాలుగు కారణములు చెప్పబడినవి. తన బలమునకు మించిన పని చేయుట, మలమూత్రాది వేగములను ఆపుకొనుట, ధాతువులు క్షీణించుట, వేళ తప్పి తగనివి తినుట అనునవి ఆ నాలుగు. మొదటిదానికే సాహసమని పేరు. తనకంటె బలవంతునితో పోరుట, మోయలేని బరువు మోయుట వంటి ఉదాహరణములతోపాటు మిక్కిలి దూరమును వేగముగా పోవుటను కూడ ఆచార్యుడు అక్కడ చేర్చినాడు. అట్టివాని ఉరస్సు దెబ్బతినుననియు, వాయువు ప్రకోపించుననియు హెచ్చరించినాడు.

ఇది తాళపత్రములకు పరిమితమైన హెచ్చరిక కాదు. 2024 ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఝార్ఖండ్ రాష్ట్రమున ఆబ్కారీ కానిస్టేబుళ్ళ ఎంపికకై పురుషులకు 10 కిలోమీటర్లను 60 నిమిషములలో పరుగెత్తు పరీక్ష పెట్టినారు. ఆ పరీక్షల కాలములో పదిమందికి పైగా అభ్యర్థులు ప్రాణములు కోల్పోయినారు. 2025 జనవరిలో మన మచిలీపట్నములోనే కానిస్టేబుల్ ఎంపిక పరీక్షలలో 1600 మీటర్ల పరుగున ఒక యువకుడు కుప్పకూలి మరణించినాడు. ఒక్కొక్క మరణమునకు కారణము వేరు కావచ్చును. పుట్టుకతో వచ్చిన గుండె లోపము కావచ్చును, ఎండదెబ్బ కావచ్చును. దానిని తేల్చవలసినది వైద్యపరీక్షలే. కాని తన బలమెంతయో తెలియకయే బలమునంతయు ఒడ్డుట ప్రమాదకరమని చెప్పుటకు ఏ పరీక్షయు అక్కరలేదు.

ఈ వార్తలు చూచి మన వైద్యులలో కొందరు పరుగే వలదనుచున్నారు. పరుగు వాతమును పెంచును, కీళ్ళు అరుగును, నడక చాలును అనుచున్నారు. వారితో నేను ఏకీభవింపజాలను. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలను సామెతను సోమరులు తమకు అనుకూలముగా వాడుకొనుచుందురు. వ్యాయామము వలన శరీరమునకు తేలికదనము, పనిచేయు సామర్థ్యము, జఠరాగ్నికి దీపనము, మేదస్సునకు క్షయము కలుగునని మన శాస్త్రమే చెప్పుచున్నది. దోషము పరుగులో లేదు, వేగము నిర్ణయించుకొను తీరులో ఉన్నది. నేను చెప్పదలచినది ఇదొక్కటే.

అర్ధశక్తి అనగా సగము దూరము కాదు

అష్టాంగహృదయము సూత్రస్థానము రెండవ అధ్యాయమున వాగ్భటుడు వ్యాయామమును అర్ధశక్తితో చేయవలెనని విధించినాడు. అదియును బలవంతులకు, స్నిగ్ధాహారము తినువారికి, చలికాలమునను వసంతమునను మాత్రమే. తక్కిన ఋతువులలో ఇంకను మందముగా చేయవలెను. ఈ అర్ధశక్తిని చాలమంది సగము దూరమనియో, సగము సమయమనియో అనుకొందురు. అది పొరపాటు. సుశ్రుతుడు చికిత్సాస్థానము ఇరువది నాల్గవ అధ్యాయమున దీనికి ఒక గుర్తు చెప్పినాడు. వ్యాయామము చేయుచుండగా హృదయమందలి వాయువు నోటికి చేరునపుడు బలములో సగము వినియోగమైనట్లు తెలిసికొనవలెను. నుదుట, ముక్కుపై, చంకలలో, కీళ్ళయందు చెమట పట్టుటయు, నోరు ఆరుటయు తోడి లక్షణములు.

గురుకులములో మా గురువుగారు ఈ పాఠమును శ్లోకము వల్లింపజేసి విడిచిపెట్టలేదు. శిష్యులను పొలముగట్టున పరుగెత్తించి, ఎవని నోరు తెరుచుకొన్నదో వానిని అక్కడనే నిలిపి, “నేటికి నీ హద్దు ఇది, అభ్యాసము చేసినకొలది ఇదే ముందుకు జరుగును” అని చూపెడివారు. హద్దు మనిషి మనిషికి వేరు. ఒకే మనిషికి ఋతువును బట్టి, నిద్రను బట్టి, ఆహారమును బట్టి వేరు. దానిని కొలుచు సాధనము శ్వాసయే.

టెంపో పరుగు చెప్పుచున్నదేమి?

నేటి పరుగు శిక్షకులు టెంపో రన్ అను సాధనను గొప్పగా చెప్పుదురు. దాని మూలము తెలిసికొన్నచో మనకు పరాయిదిగా తోచదు. కండరములు చక్కెరను ఖర్చు చేయునపుడు లాక్టేట్ అను పదార్థము పుట్టును. నెమ్మదిగా పరుగెత్తునంతవరకు శరీరము దానిని ఎప్పటికప్పుడు ఇంధనముగా వాడుకొనును. వేగము ఒక హద్దు దాటగానే వాడుకకంటె పుట్టుక ఎక్కువై అది రక్తములో పేరుకొనసాగును. ఆ సమయముననే శ్వాస బరువెక్కును, మాట తెగును. ఆ హద్దును అంటిపెట్టుకొని, దానిని దాటకుండ, కొంతసేపు ఒకే వేగముతో సాగుటయే టెంపో పరుగు. బాగుగా అభ్యాసము చేసినవాడు పందెములో సుమారు ఒక గంటసేపు నిలుపుకొనగల వేగమిది. అమెరికా శిక్షకుడు జాక్ డేనియల్స్ 20 నిమిషముల టెంపో పరుగును ప్రచారములోనికి తెచ్చినాడు.

సుశ్రుతుని బలార్ధమును ఈ హద్దును అక్షరాల ఒక్కటేయని నేను వాదింపను. రెండు శాస్త్రముల భాషలు వేరు, కొలతలు వేరు. అయినను రెండును శ్వాస మారు ఘట్టమునే గుర్తుగా తీసికొనుట పాఠకులు గమనింపదగినది. గుర్తించు విధానము సులభము. పూర్తి వాక్యములు మాటలాడగలుగుచున్నచో అది తేలిక పరుగు. మూడు నాలుగు మాటలు పలికి ఊపిరి తీసికొనవలసి వచ్చినచో అది టెంపో. ఒక్క మాటయు పలుకలేనిచో హద్దు దాటినట్లే.

సాధన క్రమము కూడ కష్టమైనది కాదు. పది పదునైదు నిమిషములు నెమ్మదిగా పరుగెత్తి ఒళ్ళు వేడెక్కనిచ్చి, 20 నిమిషములు టెంపో వేగమున సాగి, మరల పది నిమిషములు నెమ్మదించవలెను. క్రొత్తవారు 20 నిమిషములను ఐదేసి నిమిషముల నాలుగు భాగములు చేసికొని, నడుమ ఒక్కొక్క నిమిషము నడువవచ్చును. ఇట్టి పరుగు వారమునకు ఒక్క దినము చాలును. తక్కిన దినములలో తోడివానితో మాటలాడుచు సాగునంత తేలికగా పరుగెత్తవలెను. ఒకటి రెండు దినములు పూర్తిగా విశ్రమింపవలెను. బలము పరుగులో పెరుగదు. పరుగు తరువాత లభించు విశ్రాంతిలో, ఆహారములో, నిద్రలో పెరుగును.

ఎనిమిది నిమిషముల లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో 2022 కానిస్టేబుల్ నియామక ప్రకటన ప్రకారము పురుషులు 1600 మీటర్లను 8 నిమిషములలో ముగింపవలెను. 400 మీటర్ల బాటపై నాలుగు చుట్లు, చుట్టునకు రెండు నిమిషములు, నూరు మీటర్లకు 30 సెకన్లు. ఇంతే లెక్క. కాని బూర వినగానే గుంపుతో కలిసి మొదటి చుట్టును ఒకటిన్నర నిమిషములో ముగించువారు ఎందరో. వారు మిగుల్చుకొన్న అర నిమిషమును మూడవ చుట్టు వడ్డీతో సహా వసూలు చేసికొనును. మొదటి చుట్టునకు రెండు నిమిషములకు రెండు మూడు సెకన్లు మాత్రమే తక్కువ తీసికొనువాడు నాలుగవ చుట్టున ఇంకను బలము కలిగియుండును.

ఈ పరీక్ష ఎనిమిది నిమిషములలో సరిగా పూర్తిచేయగలవానికి టెంపో వేగము కిలోమీటరుకు 5 నిమిషముల 40 సెకన్లకు అటూ ఇటుగా ఉండును. అనగా పరీక్ష వేగముకంటె కిలోమీటరుకు 40 సెకన్లు నెమ్మది. ఇంత నెమ్మదిగా పరుగెత్తిన పరీక్ష ఎట్లు నెగ్గెదమని నా యొద్దకు పిక్కల నొప్పితోను, ముంగాలి ఎముక నొప్పితోను వచ్చు యువకులు అడుగుచుందురు. చెరకు బండి తోలినవానిని అడుగుమని వారికి చెప్పుదును. నిండు బండిని లాగు ఎడ్లను ఊరి పొలిమేరలోనే చర్నాకోలతో పరుగెత్తించిన రైతు ఎవడును లేడు. తమంత తాము పట్టుకొన్న నడకను అవి చివరివరకు నిలుపుకొనును.

మారథాన్ నేర్పిన పాఠము

దూరము పెరిగినకొలది ఈ నియమము కఠినమగును. మారథాన్ దూరము 42.195 కిలోమీటర్లు. శరీరము దాచుకొన్న చక్కెర చాలమందికి సుమారు 30 కిలోమీటర్ల ప్రాంతమునకు అడుగంటును. తొలుత తొందరపడినవానికి అంతకంటె ముందే తరిగిపోవును.

1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో చెకొస్లొవేకియా వాడు ఎమిల్ జాటోపెక్ తన మొట్టమొదటి మారథాన్ పరుగెత్తుచు, ఆ విద్యలో ఆరితేరిన ఇంగ్లాండు వాడు జిమ్ పీటర్స్‌ను, ఈ వేగము సరియేనా అని అడిగినాడు. అప్పటికే అలసిన పీటర్స్ ఇది నెమ్మదియని బదులు చెప్పినాడు. జాటోపెక్ ముందుకు సాగి గెలిచినాడు. పీటర్స్ పరుగు ముగింపలేకపోయినాడు. ఆ పీటర్స్ సామాన్యుడు కాడు. మారథాన్‌ను 2 గంటల 20 నిమిషములలోపు ముగించిన మొదటివాడు అతడే. 1954లో వాంకూవర్ నగరమున మండుటెండలో సుమారు 17 నిమిషముల ఆధిక్యముతో క్రీడాస్థలము ప్రవేశించి, పలుమార్లు పడి లేచి, గమ్యము చేరకయే కూలిపోయినాడు. మరల మారథాన్ పరుగెత్తలేదు. సాహసమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము లేదు. దీనికి ఎదురుగా, 2018లో బెర్లిన్ నగరమున కెన్యా వాడు ఎలియుడ్ కిప్చోగె అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పినపుడు మొదటి సగమునకు 61 నిమిషముల 6 సెకన్లు, రెండవ సగమునకు 60 నిమిషముల 33 సెకన్లు తీసికొన్నాడు. అనగా పూర్వార్ధమున బిగబట్టినాడు. జగజ్జెట్టియే బిగబట్టగా మనము తొందరపడుట ఎందుకు?

ఋతువును మరువరాదు

గ్రీష్మమున వ్యాయామమును, వర్షర్తువున ఆయాసమును వర్జింపుమని ఋతుచర్య చెప్పుచున్నది. మన కృష్ణా డెల్టాలో ఈ నియమము మరింత అవసరము. గాలిలో తేమ అధికమగుటచే చెమట పట్టునే కాని ఆరదు. ఆరనిదే శరీరపు వేడి తగ్గదు. హైదరాబాదు మారథాన్ 2011 నుండి ఆగస్టు నెలలో జరుగుచు వచ్చినది. దానికి సిద్ధపడువాడు వైశాఖ జ్యేష్ఠ మాసములలో కఠిన సాధన చేయవలసి వచ్చును. డెల్టావాసులకు అది నేను సలహా ఇవ్వను. విశాఖ సాగరతీరమున నౌకాదళమువారి మారథాన్ ఇటీవలి సంవత్సరములలో నవంబరు, డిసెంబరు నెలలలో జరిగినది. అట్టి పరుగులే మనకు అనుకూలము. వేసవిలో పరుగెత్తక తప్పనివారు సూర్యోదయమునకు ముందే ముగించి, గడియార వేగమును విడిచి శ్వాసను మాత్రమే ప్రమాణముగా తీసికొనవలెను.

ఆహార విషయమున రెండు మాటలు. కడుపునిండ తిని పరుగెత్తకూడదు; ఆకలితోను పరుగెత్తకూడదు. పరుగు తరువాత ఉప్పు, అల్లము కలిపిన మజ్జిగ, రాగి అంబలి, అరటిపండు చాలును. దాహమును బట్టి నీరు త్రాగవలెను. బలవంతముగా కుండలకొలది త్రాగినచో రక్తములో లవణము పలుచబడి ప్రమాదము కలుగును. వారమునకు రెండుసార్లు నువ్వులనూనెతో కాళ్ళకు అభ్యంగనము హితము. నొప్పి మాత్ర వేసికొని పరుగెత్తుట మాత్రము చేయరాదు. నొప్పి శరీరము చెప్పు మాట, దాని నోరు నొక్కరాదు.

పరుగులో ఛాతీ నొప్పి, కన్ను చీకట్లు, స్పృహ తప్పుట ఒక్కసారి కలిగినను, ఇంటిలో చిన్నవయసున హఠాన్మరణములు ఉన్నను, ముందు గుండె వైద్యునిచే ఇ.సి.జి. మొదలగు పరీక్షలు చేయించుకొనవలెను. దీనికి ప్రత్యామ్నాయమైన చూర్ణము గాని లేహ్యము గాని మా యొద్ద లేదు. ఎండలో పరుగెత్తి తూలుచు, పొంతనలేని మాటలాడువానిని నీడకు చేర్చి, ఒళ్ళంతయు చన్నీటితో, మంచుతో చల్లబరచుచు ఆసుపత్రికి తరలింపవలెను. స్పృహలేనివాని నోట ఏ మందును పోయరాదు.

శిక్షణ ఇచ్చువారికి నా విన్నపము ఒకటి ఉన్నది. శిష్యుడు ఎంత రొప్పినాడో దానిని బట్టి శిక్షణను కొలువకుడు. ఏ వేగమును ఎంతసేపు నిలుపుకొన్నాడో దానిని బట్టి కొలువుడు. తల్లిదండ్రులకు మరియొకటి. ఉద్యోగము ఈ ఏడు కాకున్న మరుసటి ఏడు వచ్చును. కావున నెల ముందు నిద్రలేచి కుమారుని పరుగునకు తరుముటకంటె ఆరు నెలల ముందే తేలికగా మొదలుపెట్టించుట మేలు. ఇక పరుగెత్తు యువకులకు చెప్పవలసినది స్వల్పమే. రేపు ఉదయము బయలుదేరునపుడు ప్రక్కవానితో నాలుగు మాటలు పలికి చూడుడు. పలుకగలిగినచో అదే మీ వేగము.