వేడినీటి గొట్టము - ధరల న్యాయము

ఉత్తర ఐరోపా నగరములందు శీతకాలమున నిల్లు వెచ్చగా నుండుట విలాసము గాదు, ప్రాణావసరము. అచ్చట పెక్కు పట్టణములలో నొక కేంద్రమున నీటిని కాచి, భూమిలో పాతిన గొట్టముల ద్వారా గృహములకు పంపుదురు. వీధిలో నట్టి గొట్టముల వరుస యొక్కటియే యుండును. ధర ప్రియమైనచో మరియొక యంగడికి బోవుటకు గృహస్థునకు దారి లేదు. కావున నీ ధరను బేరమునకు విడువరాదు. శాసనమే కట్టడి చేయవలయును.

కట్టడి యెట్టిది? సోవియటు సమాఖ్యలో నింటి వైశాల్యమును బట్టి రుసుము విధించిరి. వాడిన వేడిని కొలుచు మీటరు లేదు. తగ్గించుకొనుటకు మర లేదు. ఉక్క పుట్టినచో కిటికీ తెరచుటయే యుపాయము. పొదుపరియు దుబారాకోరును సమముగా చెల్లించిరి. వ్యయమునకు చాలని ధర జనరంజకమే గాని, మరమ్మతులకు ధనము లేక గొట్టములు శిథిలమయ్యెను. 1991 తరువాత ఉక్రెయిను మొదలగు దేశములకు సంక్రమించిన యాస్తి యిట్టిది.

స్వీడను దేశము 1996 నుండి ధరలను కంపెనీల యిష్టమునకు విడిచెను. తుదకు 2008లో ప్రత్యేకశాసనము చేసి, ధరల విషయమున కంపెనీతో సంప్రదించు హక్కును వినియోగదారులకు గల్పింపవలసి వచ్చెను.

డెన్మార్కు మార్గము వేరు. 1973 నాటి చమురు సంక్షోభముచే మేలుకొని, ఆ దేశము 1979లో ఉష్ణసరఫరా శాసనము చేసెను. అవసరమైన వ్యయమునే రాబట్టవలయును, లాభము గూడదనుట దాని మూలసూత్రము. మునిసిపాలిటీలును వినియోగదారుల సహకారసంఘములును నడుపు నీ యేర్పాటుచే నేడు సుమారు మూడింట రెండువంతుల గృహములు వెచ్చబడుచున్నవి.

లాభము లేనిచో శ్రద్ధ యుండదని కొందరందురు. ఆక్షేపణ నిరాధారము గాదు. వ్యయమంతయు ప్రజలపై మోపవచ్చునన్న, పొదుపు చేయువాడెవడు? దానికి మందు లాభము గాదు, వెలుతురు. ప్రతి సంఘపు ధరయు ప్రకటింపబడి, పొరుగూరి ధరతో పోల్చబడవలయును. ప్రతి యింటను మీటరుండవలయును. పేదలకు సాయము ఖజానానుండి నేరుగా నందవలయునే గాని, అందరి ధరను తగ్గించి గొట్టములను తుప్పు పట్టింపరాదు.

ఇది మనకు దూరపు ముచ్చట గాదు. గుజరాతులోని గిఫ్ట్ సిటీలో నిట్లే గొట్టముల ద్వారా చల్లని నీటిని భవనములకు పంపుచున్నారు. వేడియైనను చలువయైనను, గొట్టము గలవానిదే గుత్తాధిపత్యము. మన నగరములలో నట్టి గొట్టములు పాతకమునుపే ధరల శాసనము వ్రాసికొనుట వివేకము. పాతిన పిమ్మట బేరమాడు బలము ప్రజలకుండదు.