ఇంద్రపుర విహారము – మన యుపేక్ష

భువనగిరి దుర్గమును చూచి గర్వింపని తెలుగువాడుండడు. త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసిన ఆ యేకశిల నెక్కి నలుదెసలు చూచి సంతసించువారు నిత్యము కలరు. కాని వారి దృష్టి రామన్నపేట చెంతనున్న తుమ్మలగూడెమువైపు మరలుట మిక్కిలి యరుదు.

అచటి యింద్రపాలగుట్ట నీడను ఇంద్రపురమను నగరముండెను. అచట లభించిన విష్ణుకుండి తామ్రశాసనములు రెండును బౌద్ధవిహారమునకు సంబంధించినవే. గోవిందవర్మ మహారాజు తన దేవి పరమమహాదేవి కట్టించిన విహారమునకు గ్రామములిచ్చెను. శక 488, అనగా క్రీ.శ. 566లో, విక్రమేంద్రభట్టారకవర్మ ఆ మహావిహారమునకే మఱియొక గ్రామము నొసగెను. ఈ దానములెందులకు? దీపధూపములకు, పుష్పములకు, భిక్షువుల యన్నపానములకు, రోగుల యౌషధములకు. మఱియు విహారమున పగిలినదానిని, శిథిలమైనదానిని బాగుచేయుటకు.

ఈ తుదిమాట మనకు చెంపపెట్టు. రాయి పగులునని, గోడ కూలునని యెఱిగి పదునాలుగు వందల యేండ్లకు పూర్వమే ప్రభువులు మరమ్మతునకు గ్రామముల యాదాయము నేర్పఱచిరి. ఆ దానశాసనములను చదివి మురిసిపోవు మనము మరమ్మతుమాట మఱచితిమి.

మునుపు నల్లగొండ జిల్లాలో నుండి, 2016 నుండి సూర్యాపేట జిల్లాలో చేరిన ఫణిగిరిని చూడుడు. నిజాము పురావస్తుశాఖవారు 1940 దశకమున త్రవ్విన ఆ కొండపై మహాస్తూపము, చైత్యగృహములు, విహారములు, శిల్పశోభితమైన తోరణము బయల్పడినవి. అచటి శిల్పములు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున ప్రదర్శింపబడినవి. 2024లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణెములు దొరకినవి. సముద్రములు దాటి పోయిన కీర్తి పొరుగూరి పఠనమందిరమునకు చేరలేదనిన నెవ్వరిది దోషము?

"శిల్పములు పట్టణపు ప్రదర్శనశాలలలో భద్రముగా నుండునుగదా" యని కొందఱందురు. అమరావతి శిలలు లండనునందును, మద్రాసునందును భద్రముగనే యున్నవి. అమరావతిలో మిగిలినది దిబ్బయే! నాగార్జునకొండ లోయను కృష్ణాజలములు ముంచుననుటచేత 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి, ముఖ్యకట్టడములను కొండపైకి తరలించిరి. అది యనివార్యము. ఇచట ముంచు నీరేది? ఉన్నదెల్ల మన నిర్లక్ష్యమే.

"బౌద్ధము పోయినది, దాని రాళ్లతో మనకేమి" యనువారును కలరు. శ్రీపర్వతస్వామి పాదభక్తులమని చెప్పుకొన్న విష్ణుకుండులు బుద్ధుని సంఘమునకు భూములిచ్చిరి. వారి యౌదార్యము మనకేల లేకపోవలెను?

కావున మా కోరిక స్పష్టము. దొరకిన శిల్పము దొరకిన చోటనే, తగిన కప్పుక్రింద, తగిన కాపుతో నిలువవలెను. ఇంద్రపాలగుట్ట శిథిలములకు హద్దురాళ్లు పాతి, నాగలికిని సమ్మెటకును అందనీయరాదు. ప్రభుత్వమును అడుగుట మన హక్కు. గ్రామస్థులకు తెలియజెప్పుట, బాలురను తోడ్కొనిపోయి చూపుట మన విధి. భువనగిరి దుర్గమునెక్కువారు ఒక దినమైనను ఇంద్రపాలగుట్ట నెక్కుదురుగాక!