బిడ్డ బీమా తెగకూడదు

తల్లిదండ్రుల ఉద్యోగాన్ని బట్టి పిల్లల వైద్యం నడిచే కాలం అమెరికాలో ముగిసింది. చట్టాలు ఆ సంగతి ఇంకా ఒప్పుకోలేదు, అంతే. ఒప్పించడానికే మేము ఒక్కటయ్యాం. మీరూ రండి.

1. వైద్యం బిడ్డకు పుట్టుకతో వచ్చే హక్కు. పేదలకిచ్చే ప్రభుత్వ బీమా మెడికెయిడ్‌కు ఎక్కువైన, ప్రైవేటు ప్రీమియానికి చాలని ఆదాయం ఉన్న ఇళ్ల కోసం 1997లో పిల్లల ఆరోగ్య బీమా పథకం చిప్ వచ్చింది. సెనేటర్లు ఎడ్వర్డ్ కెనెడీ, ఓరిన్ హాచ్ పార్టీ భేదం పక్కనపెట్టి దాన్ని సాధించారు. అప్పట్లో సుమారు ఏడుగురు పిల్లల్లో ఒకరికి ఏ బీమా లేదు. 2016 నాటికి ఇరవై మందిలో ఒకరికే లేదు.

2. ప్రభుత్వ బీమా విస్తరిస్తే ప్రైవేటు బీమా కొంత తగ్గుతుంది. ఈ నిజాన్ని మేము దాచం. 1987-92 నాటి మెడికెయిడ్ విస్తరణలో కొత్తగా చేరినవారి సంఖ్యలో దాదాపు సగం మేరకు ప్రైవేటు బీమా తగ్గిందని ఆర్థికవేత్తలు కట్లర్, గ్రూబర్ 1996లో లెక్కగట్టారు. తర్వాత చాలామంది పరిశోధకులకు అంతకంటే తక్కువే తేలింది. ఇదే భయం చూపి అప్పటి అధ్యక్షుడు బుష్ 2007లో చిప్ విస్తరణను రెండుసార్లు వీటో చేశారు.

మాకు ఇందులో భయపడాల్సిందేమీ కనిపించదు. ఆస్తమా ఉన్న పిల్లవాడి ఇంట్లో జనవరి ఎలా ఉంటుందో చూడండి. డిడక్టిబుల్ మళ్లీ మొదటికొస్తుంది. చాలా ప్లాన్లలో అది నిండేదాకా డాక్టర్ బిల్లు నాన్న జేబులోంచే. చిప్‌లోనైతే ఏడాది మొత్తానికి కుటుంబం కట్టేది ఆదాయంలో 5 శాతం దాటకూడదు. అటువైపు మారిన తల్లి ఎవరినీ మోసం చేయలేదు. లెక్క తెలిసిన మనిషి, అంతే.

3. పెద్దల నిర్ణయానికి పిల్లలకు శిక్ష వేయరాదు. ప్రైవేటు బీమా వదిలినవారు చిప్‌లో చేరాలంటే నెలల తరబడి, కొన్నిచోట్ల ఏడాది దాకా, బీమా లేకుండా గడపాలని రాష్ట్రాలు షరతు పెట్టాయి. 2014లో దాన్ని 90 రోజులకు కుదించారు. 2024 నాటి కేంద్ర నిబంధన పూర్తిగా ఎత్తేసింది. జ్వరం మూడు నెలలు ఆగి రాదు. ఆ షరతును మళ్లీ తేనివ్వం.

4. పిల్లల్ని సర్కారు చూసుకుంటోంది కదా అని ఉద్యోగమిచ్చిన కంపెనీలు ప్రీమియంలో తమ వాటా మిగుల్చుకోకూడదు. ఆ సొమ్ము జీతంలో కలవాలి.

5. వలస వచ్చిన బిడ్డ పరాయిబిడ్డ కాదు. గ్రీన్‌కార్డు వచ్చాక కూడా ప్రభుత్వ బీమాకు ఐదేళ్లు ఆగాలన్న 1996 నియమం నుంచి పిల్లలను మినహాయించే వీలును 2009 చట్టం రాష్ట్రాలకిచ్చింది. ఆ వీలు వాడుకోని రాష్ట్రాల్లో మన తెలుగు ఇళ్లూ ఉన్నాయి.

మేము కోరే దేశంలో ఆసుపత్రిలో పుట్టిన రోజే ఇచ్చిన కార్డు పందొమ్మిదేళ్లు నిండేదాకా చెల్లుతుంది. నాన్న ఉద్యోగం పోయినా, అమ్మ జీతం పెరిగినా, ఇల్లు రాష్ట్రం దాటినా చెల్లుతుంది. ప్రైవేటు బీమా కంపెనీలు ఆపైన అదనపు సౌకర్యాలు అమ్ముకోవచ్చు, మాకు అభ్యంతరం లేదు. పునాది మాత్రం ప్రజలదే కావాలి. 2023లో ఒరెగాన్ పిల్లలకు ఆరేళ్లు నిండేదాకా తెగని మెడికెయిడ్ మొదలుపెట్టింది. కాబట్టి ఇది పగటికల కాదు.

మీ ఆఫీసు బీమా బాగానే ఉండవచ్చు. లేఆఫ్ చెప్పి రాదు. ఈ వారమే మీ రాష్ట్ర శాసనసభ్యుడికి ఫోన్ చేసి, మన పిల్లలకు తెగని కార్డు ఎప్పుడిస్తారో అడగండి.