చేజార్చుకొన్న హక్కు

వ్రేలిగోరు కంటెఁ జిన్నదగు సిలికాన్ పలుకపై నేఁటి లోకవ్యవహారము నిలిచియున్నది. బ్యాంకులు, రైళ్లు, చేతిలోని ఫోనులు మైక్రోప్రాసెసరు లేనిదే నడువవు. దాని పుట్టుక కథను మన దేశీయులు సావధానముగా నాలింపవలెను. అందు యంత్రశాస్త్రమే గాక రాజనీతియుఁ గలదు.

1969లో జపానుదేశపు బిజికామ్ కంపెనీ, తన లెక్కల యంత్రములకు వలయు చిప్పులను చేసియిమ్మని అమెరికాలోని ఇంటెల్ కంపెనీని గోరెను. బిజికామ్ ఇంజనీరు మసతోషి షిమా తెచ్చిన ప్రణాళికలో నొక్కొక్క పనికి నొక్కొక్క ప్రత్యేకమైన చిప్పు వలయుచుండెను. ఇంటెల్‌లోని టెడ్ హాఫ్ వేఱొక మార్గము సూచించెను. ఏ పనికైన నక్కఱకువచ్చు చిప్పు నొకదానిని చేసి, చేయవలసిన పనిని జ్ఞాపకపు చిప్పులో వ్రాసియుంచిన జాలును. పని మాఱినపుడు యంత్రమును గాక యాజ్ఞలనే మార్చవచ్చును. స్టాన్ మేజర్ ఆతనికిఁ దోడ్పడెను. 1970లో ఇంటెల్‌లోఁ జేరిన ఇటలీ దేశీయుఁడు ఫెడెరికో ఫాజిన్, షిమా సాయముతో నా యూహకు రూపము గల్పించెను. 2,300 ట్రాన్సిస్టర్లు, 16 కాళ్లు గల 4004 చిప్పు 1971లో సిద్ధమయ్యెను.

ఒడంబడిక ప్రకారము దానిపై సర్వహక్కులును బిజికామ్‌వే. అయినను లెక్కల యంత్రముల వెల నానాఁటికిఁ బడిపోవుచుండుటచే నా కంపెనీ చిప్పుల ధర తగ్గింపుఁడని కోరెను. ఇతరులకు విక్రయించు హక్కును మాకిండని ఇంటెల్ బదులడిగెను. బిజికామ్ సమ్మతించెను. 1971 నవంబరులో ఇంటెల్ 4004ను బహిరంగముగాఁ బ్రకటించెను. 1974లో బిజికామ్ దివాలా తీసెను. ఆ యేఁటనే ఇంటెల్ 8080 వెలువడెను. దాని నిర్మాతలలో నొకఁడు, బిజికామ్‌ను విడిచి వచ్చిన ఆ షిమాయే!

బిజికామ్‌ను మూర్ఖురాలని నిందించుట సులభము. నాఁటి వ్యాపారము నిలుపుకొనుట దాని కవసరమే. ఆ హక్కును విడువకున్నచో నీ యద్భుతము లెక్కల యంత్రములలోనే మ్రగ్గిపోయెడిదేమో. కావున దాఁచుకొనుట నీతి కాదు. విలువ యెఱుఁగక విడుచుటయే దోషము.

మన దేశ మీ దోషమునకు దూరముగా నున్నదా? మొహాలీలోని ప్రభుత్వ చిప్పుల కర్మాగారము 1984లో నుత్పత్తి నారంభించి, 1989లో నగ్నికి నాహుతి యయ్యెను. పిదప పుంజుకొనుటకుఁ జాల కాలము పట్టెను. మదరాసు ఐ.ఐ.టి. వారి ‘శక్తి’, 2025లో వెలువడిన ‘విక్రమ్’ ప్రాసెసర్లు మనకు సామర్థ్యము గలదని చాటుచున్నవి. అయినను హైదరాబాదు, బెంగుళూరులలో మన యువకులు పరదేశపు కంపెనీలకై చిప్పులు రచించుచున్నారు. జీతము వారిది, హక్కు పరులది. షిమా కథ మన యింటనే జరుగుచున్నది.

కర్మాగారములకు ధనసహాయము చేయుటతోఁ బ్రభుత్వపు బాధ్యత తీఱదు. ప్రజాధనము పుచ్చుకొన్న ప్రతి రచనయందును హక్కు ఈ దేశమున నుండవలయును. మన చిప్పులను ముందుగా మన ప్రభుత్వ శాఖలే కొనవలయును. కొనువాఁడు లేని విద్య పరుల వాకిట కూలికిఁ బోవును. కూలి దొరకినదని సంతసించువానికి సొత్తు పోయిన సంగతి యాలస్యముగాఁ దెలియును.