చీర గుడారం – మన పిల్లలకు మూరెడు జాగ

మందమర్రి కార్మికవాడల్లో తిరిగినవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పే పనిలేదు. ఒక అర్ర, ఒక వంటిల్లు. ఆ అర్రలనే మంచం, ఆ అర్రలనే టీవీ, ఆ అర్రలనే బియ్యం సంచి. మీద దండెం నిండా బట్టలు. నైటు షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగటిపూట పండుకుంటడు. "సప్పుడు చెయ్యకుండ్రి, నాయిన పండుకున్నడు" అనే మాట వింటూనే బాయి కార్మికుల పిల్లలు పెరుగుతరు. చుట్టుపక్కల పల్లెల్లో, మాలవాడ మాదిగవాడల్లో అయితే ఆ ఒక్క అర్రలనే రెండు కాపురాలు ఉన్న ఇండ్లున్నయి.

మొన్న ఎండకాలం మా అక్క ఇంటికి పోయిన. ఎనిమిది చదివే మేనకోడలు కిటికీ ఊచ నుంచి తలుపు మేకు దాకా తాడు కట్టింది. దాని మీద అమ్మ పాత నూలుచీర వేసి, అంచుల మీద ఇటుకపెళ్లలు పెట్టింది. కింద బొంత పరుచుకొని నోటుబుక్కు పట్టుకొని లోపల కూచుంది. "ఏందే ఇది, పెండ్లి పందిరా?" అని నవ్విన. "ఇది నా ఇల్లు మామా" అన్నది. సాయంత్రం చుట్టాలొస్తున్నరని అక్క ఆ చీర గుంజేసింది. పిల్ల ఏడువలే. నోటుబుక్కు తీసుకపోయి బియ్యం సంచి వెనుక దాచుకుంది. ఊరూరా మీటింగుల్లో ఆత్మగౌరవం అని మాట్లాడే నాకు ఆ రోజు నోట మాట రాలే. ఆ పిల్ల అడిగింది మూరెడు జాగే గదా!

మిత్రులారా! మనం జాగ కోసం చానా కొట్లాడినం. కారంచేడులో 1985లో చెరువునీళ్ల కాడ లేచిన మాట మనోళ్ల ప్రాణాలు తీసింది. మంచినీళ్ల కోసం, బడి కోసం, భూమి కోసం, ఆఖరికి బొందలగడ్డ కోసం కూడా కొట్లాడినం. ఇంటి బయటి జాగల లెక్క మనకు నోటికొచ్చు. మరి ఇంటి లోపల, మన బిడ్డ తన మనసుతో తాను మాట్లాడుకునే జాగ సంగతి ఏ సంఘమన్నా మాట్లాడిందా?

"గుడిసెల నుంచి పక్కా ఇండ్లల్లకు వస్తిమి, మళ్లీ ఇంట్ల గుడిసెనా?" అని పెద్దమనుషులు అడుగుతరు. ఇంకొందరు "మనల్ని తరతరాలు మూలకు తోసిన్రు, ఇప్పుడు మన పిల్లలను మనమే మూలకు కూచోవెడుదమా?" అంటరు. తోస్తే పోయిన మూల వేరు, కోరి కట్టుకున్న మూల వేరు. వెలివాడను వాళ్లు గీసిన్రు. ఈ గుడారాన్ని పిల్ల తానే గీసుకుంది. లోపలికి ఎవరు రావాలె, ఎప్పుడు చీర ఎత్తాలె అని చెప్పే హక్కు ఆ పిల్లది. హక్కు అనే మాటకు మొదటి పాఠం అక్కడనే మొదలైతది.

మన పొరుగు మహారాష్ట్రలో, మన మాదిగల లెక్క మాంగులని ఒక కులమున్నది. ఆ కులంల పుట్టిన ముక్తా సాల్వే ఫూలే దంపతుల బడిలో చదువుకుంది. 1855లో, పద్నాలుగేండ్లప్పుడు, మాంగుల మహార్ల దుఃఖం మీద ఆమె రాసిన వ్యాసం జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. ఆ వయసు పిల్ల ఇయ్యాల మన ఇంట్ల ఏం చేస్తున్నది? గిన్నెలు తోముతున్నది, తమ్ముణ్ని ఎత్తుకుంటున్నది. రాసింది దాచుకునే చోటు లేక పొయ్యిలో వేస్తున్నది.

బాబాసాహెబ్ సంగతి మనకు తెల్వదా? బొంబాయి పరేల్ చాల్‌లో ఇంటిల్లిపాదికి ఒక్కటే అర్ర. ఇల్లు సద్దుమణిగినంక చదువుకునేటందుకు రాంజీ కొడుకును రాత్రి రెండు గంటలకు లేపేటోడు. జాగ లేని ఇంట్ల ఆ తండ్రి సమయంతోనే ఒక జాగ కట్టిండు. అదే కొడుకు 1907లో మెట్రిక్ పాసయిండు. ఆ తర్వాత దాదర్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు పుస్తకాల కోసమే జాగ చూసి కట్టుకున్నడు. అందరి తండ్రులు రాంజీలు కాలేరు. షిఫ్టు చేసి ఒళ్లు హూనమైన మనిషి రెండు గంటలకు లేవలేడు. పాత చీర ఇచ్చుడు మాత్రం ఎవరికైనా చేతనయితది.

హాస్టల్ల చదువుకున్నోళ్లను అడుగుండ్రి. హాలు నిండా పిల్లలు. ఎవరిది అని చెప్పుకునేది ఒక్క రేకుపెట్టె. ఆ పెట్టె మూతకు లోపలి దిక్కు అంబేద్కర్ బొమ్మ అంటించుకొని, దాని మీదనే నోటుబుక్కు పెట్టుకొని రాసుకున్నోళ్లు మనలో ఎంతమంది లేరు? ఆ మూతంత జాగలనే మన ఉద్యమం తొలి కరపత్రాలు పుట్టినయి.

"మన కళ అంటే డప్పు, మన కళ అంటే గుంపు పాట. ఒంటరి సృజన అగ్రకులపోళ్ల సోకు" అని ఒక వాదం ఉన్నది. నేను ఒప్పుకోను. ఇక్కడికి దగ్గర్లనే, దండేపల్లి మండలం లింగాపూర్‌లో పుట్టిన గూడ అంజయ్య పాటను వేల గొంతులు ఎత్తుకున్నయి. ఆయన 2016లో పోయిండు, పాట పోలేదు. గుంపు పాడకముందు ఒక మనిషి కూచొని ఆ మాటలు కూర్చాలె గదా. దండోరా వేసే డప్పును కూడా ముందు ఒకడు మంట కాడ కూచొని కాపుకుంటడు. ఆ కూచునే జాగ లేకుంటే పాట పుట్టదు. ఇయ్యాల ఆ జాగను ఫోను గుంజుకున్నది. పిల్లకు మూల దొరకక ఫోనులోకి తలకాయ పెడుతున్నది. అక్కడ మందివి చూసుడే తప్ప సొంతంగా చేసుడు తక్కువ.

ఖర్చు లేని పని. పాత నూలుచీర ఒకటి, తాడు ఒకటి. తాడు లేకుంటే మంచాన్ని గోడకు నిలవెట్టి చీర కప్పుండ్రి. ఎండకాలం పలుచటి చీర, చలికాలం దుప్పటి. ఒక దిక్కు గాలికి తెరిచి పెట్టుండ్రి. ఫ్యానుకు మాత్రం తాడు కట్టొద్దు. లోపల దీపం, దోమలబత్తి, కరెంటు వైరు పెట్టొద్దు. బుగ్గ వెలుతురు బయటి నుంచే పడాలె. ఒక నోటుబుక్కు, పెన్సిలు, పసుపు, బొగ్గు, పాత పేపర్లు ఇయ్యుండ్రి. బొగ్గూరి పిల్లలకు బొగ్గుతో బొమ్మలు గీసుడు ఒకరు నేర్పాల్నా?

ఇగ పెద్దలకు మూడు షరతులు. అడుగకుండ చీర ఎత్తొద్దు. అడుగకుండ నోటుబుక్కు చదువొద్దు. "ఏం చేసినవ్, మార్కులొస్తయా?" అని అడుగొద్దు. ఆడపిల్ల లోపల ఉన్నంతసేపు గిన్నెలు ఎవరు తోమాలె అంటరేమో. కొడుకు తోమాలె. కొడుకు లేకుంటే మనమే తోముకోవాలె. ఆ గంట ఇయ్యలేని ఇంట్ల గుడారం ఉట్టి గుడ్డనే.

ఊరూరా అంబేద్కర్ యువజన సంఘాలున్నయి, విగ్రహాలున్నయి, భవనాలున్నయి. ఏప్రిల్ 14న దండ వేసి, జెండా ఎగరేసి తాళం వేసి పోతున్నం. ఆ తాళం తీసి, ఒక మూల నాలుగు చీరలు కట్టుండ్రి. ఇంట్ల అంత జాగ కూడా లేని పిల్లలను పిలువుండ్రి. దండ వాడిపోతది. ఆ మూల కూచున్న పిల్ల రాసింది మిగులుతది.

నేను మా అక్కకు చెప్పిన. చీర మళ్లీ కట్టింది. ఈసారి మేకులు నేనే కొట్టిన. లోపల ఏం రాస్తున్నదో నాకు తెల్వదు. అడుగలే.

జై భీమ్!