దుమ్ముగూడెం ఆనకట్ట గోడు ఎవరికి పట్టింది?

హైదరాబాదులో మొజంజాహి మార్కెట్ 1935లో కట్టినది. అది పాడుపడితే ప్రభుత్వం బాగుచేయించి 2020 ఆగస్టులో మళ్లీ తెరిపించింది. సంతోషమే. మరి నగరంలోని అంగళ్లకు దక్కిన ఆదరణ, అంతకన్నా పాతదైన మన అడవి అంచు వర్తక కట్టడానికి ఎందుకు దక్కలేదు?

దుమ్ముగూడెం ఆనకట్ట పొలాలకు నీళ్లివ్వడానికి కట్టారని చాలామంది అనుకుంటారు. కాదు. అది సరుకు పడవల కోసం కట్టినది. నాగపూరు, బేరారు పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి దించవచ్చునని ధవళేశ్వరం కట్టించిన కాటన్ దొర పట్టుబట్టాడు. రాళ్లు తేలి పడవ నడవని చోట్లు మూడు: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. అక్కడ ఏటికి అడ్డకట్ట వేసి, పక్కన కాలువ తవ్వి, లాకుల్లో నీటి మట్టం పెంచుతూ దించుతూ పడవను దాటించాలన్నది ఉపాయం. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయేసరికి మాంచెస్టరు మిల్లుల వారి కన్ను కూడా ఈ దారి మీద పడింది. ఇక్కడ పనులు నడిపించినవాడు కెప్టెన్ హేగ్.

గోదావరిపై సుంకం లేకుండా పడవలు నడుపుకునే హక్కును ఇంగ్లీషువారు 1860 ఒడంబడికలో నిజాం నుంచి సంపాదించారు. అందులోనే ఎడమ గట్టు తాలూకాలూ తీసుకున్నారు. భద్రాచలం వారి పాలయింది, ఎదుటి గట్టు పాల్వంచ నిజాం కింద మిగిలింది. ఏరు దాటి పిల్లనిచ్చుకునే జనం రెండు ప్రభుత్వాల కింద బతికారు. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో గదా!

ఇంతా చేస్తే, 1867లో నాగపూరుకు రైలు వచ్చింది. పత్తి బొంబాయి దారి పట్టింది. అడవి జ్వరాలు సరేసరి. 1871లో పనులు ఆపేశారు. మూడింటిలో పూర్తయింది మన దుమ్ముగూడెం ఒక్కటే.

దొరల దండగమారి పనికి ఇప్పుడు మళ్లీ ఖర్చెందుకని కొందరంటారు. దండగయింది వాళ్ల పత్తి వ్యాపారం, కట్టడం కాదు. 2024 ఆగస్టు 15న పంపులు తిప్పిన సీతారామ ఎత్తిపోతలకు నీరు ఈ ఆనకట్ట ఎగువ నుంచే తీసుకుంటున్నారు. దాని సంగతి మాత్రం శంకుస్థాపన ఉపన్యాసాల్లో వినిపించదు. అదే నెల 5న పాల్వంచ పాత విద్యుత్ కేంద్రం ఎనిమిది కూలింగ్ టవర్లూ క్షణాల్లో నేలకూలడం చూశాం. అవి పనికాలం తీరినవి, సరే. ఆనకట్ట అలా కాదు.

ఏటిలో కొత్త పనులు పెరగకముందే పురావస్తు శాఖ, నీటిపారుదల శాఖ కలిసి ఆనకట్టను, లాకులను, పాత కాలువను కొలిచి, ఫొటోలు తీసి, రక్షిత కట్టడాల జాబితాలో చేర్చాలి. అక్కడ తెలుగులో ఒక పలక పెట్టించాలి. దానిమీద కాటన్, హేగ్ పేర్లతోపాటు రాళ్లు మోసిన కూలీల మాట కూడా రాయించాలి.