గెడ్డ దాటేదెలా?

మా రోలుగుంట ప్రాంతంలో పెద్దవాటిని ఏరులంటాం, చిన్నవాటిని గెడ్డలంటాం. వేసవిలో మేకపిల్ల దాటేసే గెడ్డే, తుపాను పట్టిందంటే బస్సుని ఆపేస్తుంది. అటువంటి గెడ్డ ఒకదాని మీద ఆమధ్య వంతెన లేచింది. అంతకుముందు అక్కడున్నది నేలబారు కాజ్‌వే. గట్టి వాన పడితే కాలేజీ పిల్లలు చెప్పులు చేతపట్టుకుని ఇవతలే నిలబడిపోయేవారు. అంచేత కొత్త వంతెన చూసి మురిసిపోయేను. ఆ మురిపెం ఎగువనున్న ఒక రైతు దగ్గర వెళ్ళబోసుకున్నాను కూడా.

ఆయన మాట్లాడకుండా నన్ను తన పొలం గట్టుకి తీసికెళ్ళేడు.

"మీ పిల్లలు గెడ్డ దాటేస్తన్నారు మాస్టారూ. గెడ్డే దాటలేకపోతంది. నా వరి ములిగి ఇయ్యాల్టికి మూడు రోజులు."

దిగి చూస్తే సంగతి బోధపడింది. వెనక వరద కాజ్‌వే మీంచి వెడల్పుగా పరుచుకుని పోయేది. ఇప్పుడు రోడ్డుని రెండు వైపులా మనిషెత్తు మట్టితో లేపి, మధ్యని నాలుగు తూములు పెట్టేరు. వాటిలో రెండింటికి తుంగా, కొమ్మలూ అడ్డం పడ్డాయి. మనకది వంతెన, గెడ్డ పాలిట ఆనకట్ట!

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవెందుకంటారు కాబోలు. ఇందులో పెద్ద శాస్త్రమేం లేదు. దారి ఇరుకైతే నీరు వెనక్కి తన్ని, ఎగువన మట్టం పెంచుకుంటుంది. ఆ ఎత్తు బలంతో ఉన్న కాస్త సందులోంచీ వడిగా దూసుకుపోతుంది. ఆ వడి స్తంభాల మొదట్లో ఇసుకని తవ్వేస్తుంది. ఎగువ పొలానికి ముంపు, వంతెనకి కోత. వరదల్లో వంతెనలు కూలేది తరచు కాళ్ళకింద నేల పోయే.

రాజమండ్రి పాత రైలు వంతెన చూసేరా? 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. 1900లో తెరిచిన ఆ వంతెన మీద 1997 దాకా బళ్ళు నడిచేయి. గోదావరి అంటే భయం ఉంది కనక ఆవిడ వెడల్పు ఆవిడకి విడిచిపెట్టేరు. గెడ్డంటే, వాగంటే ఎవరికి భయం?

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున, అప్పటి నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర కొట్టుకుపోయింది అటువంటి చిన్న రైలు వంతెనే. ఎగువన చెరువుకి గండిపడి, నీరంతా ఒక్కుమ్మడిగా వచ్చి పడింది. రేపల్లె నుంచి సికిందరాబాదు వెళ్తున్న డెల్టా పాసెంజరు పెట్టెలు అందులో పడి వందమందికి పైగా పోయేరు. చిన్న వాగుకి ఖానాలు లెక్కకట్టేటప్పుడు ఆకాశంలో వానే కాదు, ఎగువన ఉన్న చెరువుల్నీ తలచుకోవాలి మరి.

వంతెన వద్దని మా రైతూ అనలేదు. ఆయన మనవరాలు ఆ దారినే కాలేజీకి వస్తుంది. గట్టులో అటొకటీ ఇటొకటీ ఖానా తీస్తే చాలన్నాడు. పొంగునీటి కోసం అలా విడిగా ఖానాలు పెట్టడం ఇంజనీర్లు ఎరగని ఊహేం కాదు. వానాకాలానికి ముందు తూముల్లో చెత్త తీయించడం అంతకన్నా చవక.

అర్జీ నేనే రాసేను. "పంటభూములు జలమయమై" అని మొదలెట్టేసరికి ఆయన ఆపేడు.

"ములిగిపోయిందనే రాయండి మాస్టారూ. ఆళ్ళకి తెలవాలి కదా."

కొట్టేసి మళ్ళీ రాసేను. సంతకం పెట్టి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నీరు ఏమాత్రం తీసిందో చూడ్డానికి పొలంవైపు వెళ్ళిపోయేడు.